ఎదురంగడి నీళ్ళ కంప్యూటర్

ఆయన పోయాడని నాకు ఎవరూ చెప్పలేదు. ముందు ఆ సంగతి రాసి, తర్వాత మిగతావి రాస్తాను.

బళ్ళారి బ్రూస్‌పేటలో మా రెండు అంగళ్ళూ ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో ఒక ఆటో పోతుంటే ఇంకో ఆటో ఆగి చూడాల్సినంత వీధి. ఆయనది పెళ్ళి వీడియోలు కూర్చి ఇచ్చే అంగడి. నాదీ అదే. గుండె ఆగి ఆయన పోయిన పొద్దున ఆ వీధిలో అందరికీ ఫోన్లు వెళ్ళాయి. టీ బండి మస్తాన్ భాయ్‌కి వెళ్ళింది. ఫ్లెక్సీలు వేసేవాళ్ళకు వెళ్ళింది. ఆయనతో ఎప్పుడూ పేచీలు పడే పూల అంగడి ఆమెకు కూడా వెళ్ళింది. నేను మామూలుగా వచ్చి షట్టర్ ఎత్తి, అలవాటు కొద్దీ ఎదురుగా చూస్తే, ఆయన గోడ మీద ఎర్ర అంకె వెలగలేదు. అప్పుడు మస్తాన్ భాయ్‌ని అడిగితే చెప్పాడు.

"మీకు తెల్వదా? ఎదురుగానే ఉంటారు గదా, అందరికంటే ముందు మీకే తెలిసింటాదనుకుంటిమి."

నేను చెప్పేది అదే. ఎదురుగా ఉన్నవాడికి ఎవరూ ఏదీ చెప్పరు.

ఆ అంకె ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. తన కంప్యూటర్ లోపల ఎంత వేడి ఉందో చూపించే చిన్న డబ్బాను ఆయన వీధిలోకి కనబడేలా గోడకు తగిలించాడు. పెళ్ళి వీడియో కూర్చేటప్పుడు కంప్యూటర్‌కు పని ఎక్కువై లోపలి చిప్పు కాగుతుంది. మరీ కాగితే తనంతట తానే నెమ్మదిస్తుంది, ఇంకా కాగితే ఆరిపోతుంది. బళ్ళారి ఎండల్లో ఇది మా వృత్తిలో అందరి బాధ. నాకూ ఉంది. కానీ నా బాధ నా అంగడి లోపల ఉండేది. ఆయన తన బాధను గోడకు తగిలించి వీధికంతా పంచాడు.

జనం దాన్ని క్రికెట్ స్కోరు అడిగినట్టు అడిగేవాళ్ళు. ఆటోవాళ్ళు బండి నెమ్మది చేసి, "ఈ దినం ఎంతన్నా?" అనేవాళ్ళు. అంకె ఎదురుగా కనబడుతూనే ఉన్నా అడిగేవాళ్ళు, ఆయన నోటితో వినాలని. "అరవై రెండప్పా! సల్లగ ఉండాది, పో!" అని ఆయన లోపలినుంచి అరిచేవాడు. బడి పిల్లలు పందేలు వేసుకునేవాళ్ళు. వీధిలో పోయే ప్రతి మనిషీ తల అటు తిప్పేవాడు. అటు తిప్పితే ఇటు వీపు. అన్నేళ్ళూ నేను చూసింది బ్రూస్‌పేట వీపునే.

ఆయనకు చేతిలో ఒక అలవాటుండేది. ఏ వస్తువు దగ్గరికి పోయినా ముందు చేతి వెనుకభాగం ఆనించేవాడు, బిడ్డ నుదురు చూసే తల్లిలాగా. ఫోను, టీవీ, కరెంటు మీటరు, ఎవరి మోటార్ సైకిలైనా సరే. కాసేపు కళ్ళు మూసుకుని, "జ్వరం ఉండాది" అనో, "ఏమీ ల్యాదు, సుమ్నే నాటకాలాడతాంది" అనో తేల్చేవాడు. సుమ్నే అంటే ఇక్కడ ఊరికే అని. టెంపరేచర్ అనే మాట ఆయన నోట నేను వినలేదు. అన్నిటికీ జ్వరమే. జేబులో పెన్ను ఉండాల్సిన చోట సన్నటి సూది ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఉండేది. దాన్ని టీలో ముంచి అంకె చూసుకుని తాగేవాడు. పెళ్ళి భోజనాల్లో సాంబారులో ముంచేవాడు. అదే పని ఇంకొకరు చేస్తే పిచ్చి అంటారు. ఆయన చేస్తే, "నాదీ చూడన్నా, నాదీ" అని అందరూ గ్లాసులు చాచేవాళ్ళు.

నేను చాచలేదు. ఆయనే వచ్చి నా టీలో సూది ముంచాడు.

"కాంపప్పా, నీది అందరి టీ కంటే సల్లగుండాది చూడు. కోపంతో ఊదీ ఊదీ తాగతాండావు."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాంపప్పా అనే పేరు కూడా ఆయన పెట్టిందే. మా తాత కోస్తా నుంచి కాలువ నీళ్ళ కోసం వచ్చి సిరిగేరి పక్కన వరి వేసినవాడు. అలా వచ్చినవాళ్ళు ఉండే పల్లెల్ని ఇక్కడ క్యాంపులంటారు. మా నాన్న ఇక్కడే పుట్టాడు. నేనూ ఇక్కడే పుట్టాను. నా పిల్లలకు తెలుగు కంటే కన్నడం ముందు వచ్చింది. అయినా నేను క్యాంపు మనిషినే. మాట చివర నేను 'అండి' అంటే, "నువ్వు అండీ అంటే ఫ్యాను తిప్పినట్ల సల్లగుంటాదప్పా, ఇంగోసారి అను" అనేవాడు. నేను ఆ వీధిలో 'అండి' అనడం మానేశాను. మానేశానని కూడా ఎవరూ గమనించలేదు.

ఇక అసలు సంగతి. కంప్యూటర్‌ను నీళ్ళతో చల్లబరచాలన్న ఆలోచన నాది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఇద్దరి కంప్యూటర్లూ వేడికి ఆరిపోయి, మేమిద్దరం మస్తాన్ భాయ్ బండి దగ్గర నిలబడ్డాం. మిల్లు సావుకారు కూడా ఉన్నాడు. సిరిగేరి దగ్గర ఆయనకు బియ్యం మిల్లుంది, సండూరు వైపు తిరిగే లారీలున్నాయి. బళ్ళారికి వస్తే టీ అక్కడే తాగుతాడు. మా పొలంలో ఒక డీజిల్ ఇంజన్ ఉండేది. ఒక పక్క నుంచి చల్లటి నీళ్ళు ఎక్కి, ఇంజన్ చుట్టూ తిరిగి, ఇంకో పక్క వేడిగా కారేవి. చలికాలంలో మా స్నానాలు ఆ నీళ్ళతోనే. అది గుర్తొచ్చి అన్నాను.

"ఫ్యాన్లు ఎన్ని పెట్టినా తిరిగేది వేడిగాలే గదన్నా. ఇంజన్‌కు తిప్పినట్టు కంప్యూటర్‌కు కూడా నీళ్ళు తిప్పితే?"

ఆయన గ్లాసు పట్టుకుని నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూశాడు.

"నీకు యాడ చూసినా మడి కట్టేదే గదప్పా! కంప్యూటర్‌లో గూడా నాటు వేస్తావా ఏంది?"

మస్తాన్ భాయ్ నవ్వి చేతిమీద టీ పోసుకున్నాడు. సావుకారు దగ్గేదాకా నవ్వాడు. నేను గ్లాసు పెట్టేసి వచ్చేశాను.

ఆ ఎండాకాలం పోకముందే ఆయన అంగట్లో గొట్టాలు కనబడ్డాయి. గోడ కట్టే మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన గొట్టం, ఎయిర్‌కూలర్‌లో ఉండే చిన్న మోటరు, కౌల్‌బజార్ పాత సామాన్లలో ఏరుకున్న రాగి దిమ్మ, ఒక రాగి గొట్టపు చుట్ట. లోపల తిరిగేది బ్యాటరీల్లో పోసే నీళ్ళు. చిప్పు మీద రాగి దిమ్మ కూర్చుంటుంది. నీళ్ళు దాని వేడి మోసుకుని బయటికి వచ్చి, పెద్ద మట్టి కడవలో మునిగివున్న రాగి చుట్టలో తిరిగి, చల్లారి మళ్ళీ లోపలికి పోతాయి. కడవ తడి గోనెపట్టా చుట్టుకుని ఇసుకలో కూర్చుని ఉంటుంది. కడవలో నీళ్ళు వేరు, గొట్టంలో నీళ్ళు వేరు. ఒకదాన్నొకటి తాకవు.

ప్రపంచంలో ఇలాంటివి ఎప్పటినుంచో ఉన్నాయని నాకూ తెలుసు. బెంగళూరులో డబ్బాలో పెట్టి అమ్ముతారు. నేను ప్రపంచం సంగతి మాట్లాడటం లేదు. బ్రూస్‌పేట సంగతి మాట్లాడుతున్నాను. బ్రూస్‌పేటలో ఆ మాట మొదట అన్న నోరు నాది.

వీధి దాటి వెళ్ళి అడిగాను. "ఇది నేను చెప్పిందే గదన్నా?"

ఆయన లేచి వచ్చి, చుట్టూ ఉన్నవాళ్ళను ఒకసారి చూసి, తన చేతి వెనుకభాగం నా నుదుటికి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"జ్వరం ల్యాదే!" అన్నాడు.

మళ్ళీ నవ్వులు. ఆ చేతి స్పర్శ నా నుదుటి మీద ఇంకా ఉంది.

ఆయన నుంచి నేను కోరింది పెద్దదేమీ కాదు. నలుగురూ నిలబడిన చోట, మస్తాన్ భాయ్ బండి దగ్గరైతే ఇంకా మంచిది, "ఈ మాట ఈయన చెప్పినాడు" అని ఒక్కసారి అంటే చాలు. దానికోసం నేను అన్నేళ్ళు ఎదురుచూశాను. మరి నువ్వూ ఒకటి చేసుకోవచ్చు గదా అని మా ఆవిడ అడిగింది. చేసుకుంటే ఆయన్ని చూసి చేశానంటారు. నా మాటను నేనే కాపీ కొట్టినవాణ్ణవుతాను. నేను చేసుకోలేదు. ఎండాకాలమంతా మధ్యాహ్నాలు పని ఆపి, ఎదురుగా ఆ అంకెను చూస్తూ కూర్చున్నాను. అది అరవై దగ్గర నిలబడి ఉంటే నాకు లోపల కాగేది.

ఆయన భార్యను చూసినా అంతే. పొద్దున్నే క్యారియర్ పట్టుకుని వచ్చేది. కడవలో పాత నీళ్ళు ఎత్తిపోసేది. మా ఊరి బోరు నీళ్ళకు కడవ ఒంటిమీద తెల్లగా ఉప్పు పొంగుతుంది. దాన్ని కొబ్బరిపీచుతో తోమి, కొత్త నీళ్ళు నింపి, గోనెపట్టా తడిపి చుట్టి పోయేది. ఆయన కుర్చీలోంచి లేచేవాడు కాదు. అదృష్టవంతుడు అనుకునేవాణ్ణి. మా ఆవిడ నా అంగడి గడప తొక్కడమే అరుదు. రమ్మంటే, "ఇంట్లో వినేది చాలదా? అక్కడికి కూడా వచ్చి వినాలా?" అంటుంది.

తర్వాత ఆయన పేరు ఊరు దాటింది. సావుకారు మిల్లులో బియ్యం ఏరే మిషనుంది. కెమెరాతో ఒక్కో గింజనూ చూసి, నల్లగింజ కనబడితే గాలితో తన్నేస్తుంది. ఎండలకు దాని కంట్రోలు పెట్టె కాగి, తెల్లగింజల్ని కూడా తన్నడం మొదలుపెట్టింది. సావుకారు వీధిలోకి వచ్చి ఆయన్ని కారెక్కించుకున్నాడు. పెట్టె బరువైనది, పట్టుకోవడానికి ఇంకొక మనిషి కావాలని నన్నూ రమ్మన్నారు. మా సొంత ఊరి పక్క మిల్లు గదా అని వెళ్ళాను.

అక్కడ ఆయన పెట్టెకు చేయి ఆనించి, "పాపం, ఒళ్ళు కాలిపోతాంది. ఎవుడైనా మతి తప్పి మంచోళ్ళనే తన్నేది ఇట్లప్పుడే" అన్నాడు. పనివాళ్ళు పడీపడీ నవ్వారు. పెట్టె వెనక రాగి గొట్టం తిప్పి, మిల్లు నీళ్ళ తొట్టికి కలిపాడు. పెట్టెను ఎత్తి పట్టుకుని నిలబడింది నేను. పని అయ్యాక, ఎవరో లోకల్ చానల్‌కు వీడియోలు పంపే కుర్రవాడు ఫోను చాచి, ఇదంతా మీకు ఎట్లా తట్టిందని కన్నడంలో అడిగాడు.

నేను పక్కనే ఉన్నాను. చేతులకు గ్రీజు ఉంది. ఇదే సమయం అనుకున్నాను.

"సుమ్నే కూర్చున్నప్పుడు తట్టిందప్పా" అన్నాడు ఆయన.

కుర్రవాడు ఫోను నా వైపు తిప్పి, ఈయన ఎవరని అడిగాడు.

"ఈయనా? మా ఎదురంగడి ఆయన."

ఆ వీడియో ఊరంతా చూసింది. మా అత్తగారి ఊళ్ళో కూడా చూశారు. నువ్వు ఆయన దగ్గర పనికి చేరావా అని మా బావమరిది ఫోను చేసి అడిగాడు.

ఇంకొక రోజు సంగతి చెప్పాలి. అది ఆయుధపూజ. ఆ రోజు మా వీధిలో ఎవరూ యంత్రం నడపరు. కడిగి, బొట్లు పెట్టి, పూలు వేసి, పడుకోబెడతారు. ఆయన మాత్రం నడిపాడు. సావుకారు కూతురి పెళ్ళయిన ఏడాదే అది, కొత్త అల్లుడు పండక్కి వస్తున్నాడు, మర్నాడు దశమికి బంధువులంతా కూర్చుని పెళ్ళి వీడియో చూడాలి. వీడియో కంప్యూటర్‌లో తయారవుతుండగానే ఆయన పూజ కూడా పెట్టించాడు.

ఇక కడవ. ఇసుకలో కడవ, పక్కన దీపం. వీధిలో ఆడవాళ్ళకు అది కలశంలా కనబడింది. పూజ రోజు దేవుడికి గోనెపట్టా ఏమిటి దరిద్రంగా అని ఎవరో దాన్ని తీసేశారు. పసుపు మందంగా మెత్తారు. విభూతి పట్టీలు వేశారు. మామిడాకులు పెట్టి, కడవ మూతికి సరిపోయే కొబ్బరికాయ కూర్చోబెట్టారు. పూల అంగడి ఆమె జరీ మెరుస్తున్న నైలాన్ జాకెట్టు గుడ్డ తెచ్చి కడవ చుట్టూ బిగించి కట్టింది. ఆయన చేతులు జోడించి ఫోటో కూడా తీయించుకున్నాడు.

హారతి అయిన కాసేపటికి అంకె కదిలింది. డెబ్బై అయింది. డెబ్బై ఐదయింది. వీధి నిండింది. ఎనభై దగ్గరికి వచ్చేసరికి ఆటోలు కూడా ఆగిపోయాయి.

"ఆయుధపూజ దినం మిషన్ని కష్టపెడితే ఇట్లే అయితాది" అంది పూల అంగడి ఆమె.

"ఉండక్కా, మోటరు చూస్తాండా" అని ఆయన గొట్టాలు పట్టుకుని వెతుకుతున్నాడు. మొదటిసారి ఆయన ముఖంలో చెమట చూశాను. నాకు సంతోషం కలగలేదని చెప్పను. కానీ నేను నోరు మూసుకుని కూర్చోలేదు. వీధి ఇవతలి నుంచే గట్టిగా చెప్పాను.

"మోటరు కాదన్నా! కడవకు గాలి ఆడటం లేదు. ఆ గుడ్డ తీసెయ్యి!"

ఆయన తలెత్తి చూశాడు. "పూజ చేసిన కలశం బట్ట ఎట్ల ఇప్పుతామప్పా? మీ కాంపులో ఇప్పుతారేమో!"

అంత గాభరాలో కూడా జనం నవ్వారు. ఆ మనిషికి ఉన్న శక్తి అది. మునిగిపోతూ కూడా నా మీద ఒక నవ్వు సంపాదించుకోగలడు.

అప్పుడు ఆయన భార్య ప్రసాదం గిన్నెతో వచ్చింది. గిన్నె కిందపెట్టింది, అంకె చూసింది, కడవ చూసింది. రెండు చేతులూ కళ్ళకద్దుకుని జాకెట్టు గుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టింది.

"అయ్యో, ఉద్వాసన చెప్పకుండానే?" అంది పూల అంగడి ఆమె.

"దేవునికి గూడా ఉక్కపోస్తాదక్కా" అంది ఆమె. కొబ్బరికాయ తీసి పక్కన పెట్టి, తడిచేత్తో పసుపు కడిగేసి, గోనెపట్టా తడిపి చుట్టింది. అంకె కాసేపు అక్కడే నిలబడి, తర్వాత ఒక్కొక్కటే దిగింది. వీధంతా ఈలలు. సావుకారు మనిషి ఆయన్ని వాటేసుకున్నాడు. "భలే చేసినావన్నా!" అన్నారందరూ ఆయనతోనే. ఆయన ఎన్నికల్లో గెలిచినవాడిలా రెండు చేతులూ ఎత్తాడు. నేను చెప్పాను, ఆమె చేసింది, ఆయన చేతులెత్తాడు.

ఆ సాయంత్రం ఆయన వీధి దాటి నా అంగడికి వచ్చాడు. పొట్లంలో బొరుగులు, కొబ్బరిముక్కలు తెచ్చాడు. అంగట్లో నేను తప్ప ఎవరూ లేరు. కూర్చోకముందే అలవాటుగా నా కంప్యూటర్‌కు చేయి ఆనించాడు. "జ్వరం బాగా ఉండాది నీ దానికి" అన్నాడు. ఆయన బొరుగులు నోట్లో వేసుకుని, వీధివైపు చూస్తూ అన్నాడు.

"ఆ ఇంజన్ మాట నీదేనప్పా. నువ్వు అనకపోతే నాకు తట్టేదే కాదు."

"ఆ మాట మస్తాన్ భాయ్ బండి దగ్గర చెప్పన్నా" అన్నాను.

"చెప్తాలేప్పా. యాడికి పోతాం, ఈడే గదా ఉండేది."

చెప్పలేదు. తర్వాత ఎన్నిసార్లు టీ బండి దగ్గర ఆయన కళ్ళలోకి చూశానో. "ఏందప్పా, అప్పులోన్ని చూసినట్ల చూస్తాండావు" అనేవాడు. కానీ ఆ సాయంత్రం మాత్రం నాది. ఆయన నన్ను ఎంత ఎగతాళి చేసినా, లోపల ఆ ఒక్క మాట పెట్టుకుని ఓర్చుకున్నాను. నిజం ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు, అది చాలు అనుకున్నాను. చాలదు. అయినా అనుకున్నాను.

ఆయన దినం నాడు భోజనాలకు పిలుపు వచ్చింది. ఇది మాత్రం వచ్చింది. వాళ్ళ ఇంటి మేడ మీద షామియానా వేసి పంక్తులు పెట్టారు. నాకు ఒక పక్క మస్తాన్ భాయ్, ఇంకో పక్క సావుకారు. చారు వడ్డించారు. అప్పుడు మస్తాన్ భాయ్ గొంతు తగ్గించి అన్నాడు.

"ఇన్ని దినాలు ఎవరికీ చెప్పలా. ఇప్పుడు చెప్తే తప్పు లేదు. ఆ నీళ్ళ మిషన్ ఉండాది గదా, అది నా వల్లనే. ఆయనే నాకు చెప్పినాడు. 'నీ టీ బాయిలర్ చుట్టూ నీళ్ళు చూసే నాకు తట్టింది భాయ్, నువ్వు ల్యాకపోతే ఇది ల్యాదు' అని."

సావుకారు చేతిలో ముద్ద ఆగింది. "బాయిలరా? ఏం మాట్లాడతాండావు భాయ్? మా లారీ రేడియేటర్ చూసి చేసినాడు. నా కార్లో కూర్చుని నాతో చెప్పినాడు, మిల్లు కాడికి పోయేటప్పుడు."

"ఇంకెవరైనా ఉన్నారా కార్లో?" అని అడిగాను. ఆ రోజు వెనక సీట్లో ఉన్నది నేనే.

"నువ్వు టోల్ కాడ నీళ్ళు తాగను దిగింటివి. అప్పుడు."

ఆ సాయంత్రం, ఆ బొరుగులు, వీధివైపు చూస్తూ అన్న ఆ మాట. అదంతా ఆయన ఒక్కొక్కరికీ ఒక్కొక్క పొట్లం కట్టి పంచాడు. మస్తాన్ భాయ్ ముఖంలో వెలుగు చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆ వెలుగు నాదనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఇంజన్! మా పొలం ఇంజన్! మీ ఇద్దరూ అక్కడే ఉన్నారు, నేను చెప్తే నవ్వారు కూడా!" అన్నాను.

"నవ్వింది నిజమే. ఆ మాట విని నవ్వినాం గానీ, చేసింది నా బాయిలర్ చూసి" అన్నాడు మస్తాన్ భాయ్.

"అరె నక్కో భాయ్, రేడియేటర్ అంటే నీకు తెలుసా అసలు?" అన్నాడు సావుకారు, వద్దనే మాట మాత్రం మస్తాన్ భాయ్ ఉర్దూలోనే.

మా గొంతులు పెరిగాయి. పంక్తిలో తలలు తిరిగాయి. ఆయన భార్య పెరుగు గిన్నెతో వచ్చి మా ముందు నిలబడిపోయింది. వడ్డించలేదు.

"మీ ముగ్గురికీ చెప్పినాడా?" అంది.

మస్తాన్ భాయ్ విస్తరి వైపు, సావుకారు నా వైపు చూశారు.

"నీళ్ళు తిప్పితే సల్లగైపోతాదా? మొదుల్లో ఈయప్ప నీళ్ళు తిప్పినాడు. బక్కెట్లో నీళ్ళు చారు కాగినట్ల కాగినాయి. ఇది అయ్యే పని కాదు, పారేస్తా అన్నాడు. మా పుట్టినూరు బండ్రిలో తాగే నీళ్ళు ఇసుకలో కడవ పెట్టి, గోనె సుట్టి పెడతాం. రాగి చుట్టను అందులో ముంచి చూడు అని చెప్పింది నేను. దినామూ ఆ కడవ తోమింది నేను. మీ ముగ్గురికీ చెప్పినాడంట. నాకు ఎవురూ ల్యానప్పుడు గూడా చెప్పలా."

ఆమె ఏడవలేదు. కోపంగా అంది. ఆ కోపం నాకు బాగా తెలిసినదే. ఆ వీధిలో అందరికంటే పెద్ద ఫిర్యాదు నాదని అన్నేళ్ళు అనుకున్నాను. నాకు ఒక అబద్ధపు సాయంత్రమైనా దొరికింది. ఆమెకు అదీ లేదు. ఫిర్యాదులో కూడా ఒకరు నన్ను మించిపోవడం నాకు మింగుడు పడలేదు. అయినా ఆమెది నిజం.

నేను లేచాను.

"పంక్తి మధ్యలో లేవగూడదప్పా" అన్నాడెవరో పెద్దాయన.

ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని గట్టిగా చెప్పాను. "అందరూ వినండి. నీళ్ళు తిప్పాలన్న మాట మొదట అన్నది నేను. ఈ ఇద్దరూ మాది అంటున్నారు, అననివ్వండి. కానీ ఎవరి మాటతోనూ అది పని చేయలేదు. పని చేసింది ఈ వదిన కడవతో. మీరంతా ఇన్నేళ్ళు గోడ మీద చూసిన అంకె ఈమెది. ఈ మాట ఆయన చెప్పాల్సింది. చెప్పలేదు. నేను చెప్తున్నా."

పంక్తి చివరి నుంచి ఒక గొంతు. "మరి పోయిన ఆయప్పకు ఏం మిగిలిస్తివి కాంపప్పా?"

ఆలోచించాను. ఎంత కోపమున్నా అన్యాయం మాట్లాడకూడదు. "గొట్టాలు బిగించింది ఆయనే. అది నేను కాదనను."

"అదీ కారతాండ్య" అంది ఆయన భార్య. "నేనే పాత చీరపేలిక సుట్టినా."

అని ఆమెకే నవ్వొచ్చింది. పెరుగు గిన్నె కిందపెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని నవ్వింది. పంక్తంతా నవ్వింది. మస్తాన్ భాయ్, సావుకారు, లేవకూడదన్న పెద్దాయన, అందరూ. ఆమె నవ్వు మధ్యలో ఎప్పుడు ఏడుపైందో, మళ్ళీ ఎప్పుడు నవ్వైందో తెలియలేదు.

నేను ఇంకా నిలబడే ఉన్నాను. అంతమందిలో లేచి, ఆమె కోసం ఆ మాట చెప్పింది నేను. ఆమె నవ్వింది మాత్రం ఆయన బిగించిన కారే గొట్టాన్ని తలుచుకుని.